మడ్డి వదిలిన ఇంజిన్

కిందటి వారం నీలవేణిని మనం భోగాపురం దాటాక, హైవే పక్కన స్కూటర్ ఆపుకుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉండగా వదిలిపెట్టాం. సముద్రంలో ఇంజిన్ ఆగిపోయి కొట్టుకుపోయిన లక్ష్ముడిని ఒడిశా వాళ్ల బోటు చూసిందనీ, తాడు కట్టి లాక్కొచ్చి ఒడ్డున దింపిందనీ అప్పుడే తెలిసింది ఆమెకి. చెప్పినవాడు వాడపాలెం మెకానిక్ ధనరాజు.

"మనిషి బతికే ఉన్నాడు మేడమ్. ఇంజిన్ విప్పుతన్నాను. మీరోపాలి రావాల" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట కూడా చెప్పలేదు.

నీలవేణి స్కూటర్ తిప్పింది. సరుగుడు తోటల మధ్య ఇసక రోడ్డు మీద వాడపాలెం వైపు పోతుంటే ఆమె మనసులో ఉన్నది ఒకటే మాట. ఆ ఇంజిన్‌లో తన చేత్తో ఆయిల్ పోసింది తనే.

ఆమె పని అదే. తేజోధార ఇంజిన్ ఆయిల్ కంపెనీ తరఫున రెండు జిల్లాల్లో ఊరూరా తిరిగి, జనం ముందు ఆ ఆయిల్ ఎలా పనిచేస్తుందో చూపించాలి. నల్లగా మాడిన స్టీలు ప్లేటు ఒకటి సంచిలోంచి తీసేది. దాని మీద ఆయిల్ ధారగా పోసేది. నలుపంతా కరిగి జారిపోయి ప్లేటు తెల్లగా బయటపడేది. "మీ ఇంజిన్ లోపల కూడా ఇంతేనండీ. ఒక్క డబ్బా పోస్తే చాలు, ఏళ్ల నాటి మడ్డి కరిగిపోతుంది. ఇంజిన్ మళ్లీ కొత్తదవుతుంది" అనేది. నెల్లిమర్ల జూట్‌మిల్లు గేటు ముందు అంది. బొబ్బిలి సంతలో అంది. కొత్తవలస స్టేషన్ బయట ఆటోల వరసలో నిలబడి అంది. జనం చూసేవారు, డబ్బాలు కొనేవారు, వెళ్లిపోయేవారు. ఎవరూ ఆమె పేరు అడిగేవారు కాదు. అందరికీ ఆయిల్ మేడమ్.

పెళ్లి పొసగక విడిపోయాక విజయనగరంలో ఒక గది తీసుకుని ఉంటోంది. సాయంత్రం హోటల్లో పొట్లం కట్టించుకున్న ఇడ్లీ మంచం మీద కూర్చుని తినేది. ఆదివారాలైతే పొద్దుట్నుంచి పొద్దుగూకే దాకా గొంతు విప్పాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఒక్కోసారి తన గొంతు తనకే వినిపించాలని ప్లేటు ముందు పెట్టుకుని ఖాళీ గదిలో ప్రదర్శన మాటలు చెప్పుకునేది.

ఆమెని పేరు పెట్టి పిలిచే ఇల్లు ఒక్కటే ఉంది. లక్ష్ముడి ఇల్లు. మొదటిసారి వాడపాలెం వచ్చినరోజు ఎండకి సోలి కూర్చుంటే లక్ష్ముడి భార్య దేవి చూసి, "ఒసే సెల్లీ, ఎండలో ఏటలగ కూకున్నావు? నోపలికి రా" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. చేపల పులుసుతో అన్నం పెట్టింది. ఆ తర్వాత ఈ వైపు వచ్చినప్పుడల్లా నీలవేణి ఆ ఇంట్లో తినకుండా వెళ్లలేదు. దేవిని అక్కగా అనుకుని అప్పా అనేది. లక్ష్ముడిని బావా అనేది. ఆ చనువుతోనే, "నీ ఇంజిన్‌లో నేనే పోస్తాను బావా" అంటూ తేజోధార డబ్బా మూత తీసింది.

* * *

తాటాకు పాక కింద గోనెపట్టా పరిచి, దాని మీద ఇంజిన్ పెట్టాడు ధనరాజు. చుట్టూ నలుగురైదుగురు నిలబడ్డారు. దేవి పాక గుంజకి ఆనుకుని ఉంది. మొహం పీక్కుపోయింది, కళ్ల కింద నలుపు. కాస్త దూరంలో, ఒడ్డుకి లాగి ఉన్న తెప్ప అంచు మీద లక్ష్ముడు వాళ్లకి వీపు పెట్టి కూర్చున్నాడు.

"అప్పా" అంది నీలవేణి.

"రండి మేడమ్" అంది దేవి.

నీలవేణి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. దేవి కేకలేస్తుందనుకుంది. జుట్టు పట్టుకుంటుందనుకుంది. ఈ 'రండి' అన్న మాటకి మాత్రం ఆమె సిద్ధపడి రాలేదు.

"బావ ఎలాగున్నాడు?"

"తింటన్నాడు. తొంగుంటన్నాడు. మాటాడ్డం నేదు. వచ్చిన కాణ్నుంచి ఒక్క మాట నేదు. మీరు ఇంజిన్ సూడండి."

ధనరాజు ఇంజిన్ పైమూత ఎత్తి చూపించాడు. నీలవేణి వంగి చూసింది.

లోపల ఇనుము తళతళలాడుతోంది. ఇన్నేళ్లు ఉప్పుగాలిలో తిరిగి, చవక ఆయిల్ తాగి, నల్లగా పేరుకుపోయిన ఇంజిన్ అది. పోసేముందు ఈ మూత తీసినప్పుడు తనే చూసింది, వేలుతో గీస్తే గోట్లోకి మడ్డి వచ్చింది. ఇప్పుడు ఎక్కడా మచ్చ లేదు.

ఒక్క క్షణం ఆమెకి సంతోషం కలిగింది. నేను చెప్పింది నిజమే అన్న సంతోషం. వెంటనే దేవి మొహం చూసి సిగ్గుతో తల దించుకుంది.

"నానూ అదే అనుకుంటన్నాను మేడమ్" అన్నాడు ధనరాజు. "ఇంత తెల్లగా ఉన్న ఇంజిన్ నానెప్పుడూ సూడనేదు. మరి పట్టేసిందేటి? రాడ్డు కదల్డం నేదు. బేరింగ్ మాడి అతుక్కుపోనాది. ఆయిల్ అందకపోతేనే అలగవుద్ది. ఆయిల్ సూస్తే నిండా ఉన్నాది. నాకేటీ అర్థం కావడం నేదు."

నీలవేణి పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివింది. ఈ ఉద్యోగంలో ఆ చదువు ఎవరికీ అక్కర్లేకపోయింది. మాటలు వస్తే చాలన్నారు. ఇప్పుడు ఆమె చున్నీ నడుముకి బిగించి గోనెపట్టా మీద కూర్చుంది.

"అడుగు విప్పండి" అంది. "ఆయిల్ పీల్చే చోట జల్లెడ ఉంటుంది కదా, అది చూద్దాం."

ఇద్దరూ కలిసి ఇంజిన్ పక్కకి వాల్చారు. ఆయిల్ బేసిన్‌లోకి దింపారు. అది ఆయిల్‌లా జారలేదు, ముద్దముద్దగా పడింది. నీలవేణి చెయ్యి లోపలికి పెట్టి జల్లెడ బయటికి తీసింది. అరచేతిలో పట్టేంత చిన్న జల్లెడ. దాని కన్నాల్లో ఒక్కటి కూడా కనిపించడం లేదు. అన్నం గిన్నె అడుగున మాడులాగ నల్లటి పెచ్చులు ఒకదాని మీద ఒకటి అతుక్కుని మూసేశాయి.

ఆమెకి అంతా అర్థమైపోయింది.

"ఏటది?" అంది దేవి.

"మడ్డి అప్పా. పైనున్న మడ్డంతా ఇదే. ఊడొచ్చి కిందకి దిగింది. ఇంజిన్ ఆయిల్ తాగాలంటే ఈ జల్లెడలోంచే తాగాలి. ఇది మూసుకుపోయింది. అడుగున ఆయిల్ నిండా ఉన్నా పైకి చుక్క ఎక్కలేదు."

"అంటే మీ ఆయిల్ పని సెయ్యనేదా?"

"చేసింది" అంది నీలవేణి. "చేసింది కాబట్టే ఇలాగయింది."

ధనరాజు తల అడ్డంగా ఊపాడు. "కరిగిపోతాది అన్నారు గదా మేడమ్? ప్లేటు మీద సూపించారు గదా? మాం కళ్లారా సూసినాం."

"ప్లేటు మీదది మసి. పొద్దున్న పట్టించిన మసి. అది కరుగుతుంది. ఇంజిన్‌లోది ఏళ్ల తరబడి ఉడికి గట్టిపడిన మడ్డి. అది కరగదు, పెచ్చులుగా ఊడుతుంది. కొత్త ఇంజిన్‌కి పోస్తే ఏమీ కాదు, అసలు మడ్డి పట్టనివ్వదు. ఇంత పాత ఇంజిన్‌కి పోసినప్పుడు కొద్ది రోజులకే దింపేసి, జల్లెడ కడిగి, మళ్లీ పోసుకోవాలి. అలా రెండు మూడుసార్లు చేస్తే నెమ్మదిగా పోతుంది. ఒక్క డబ్బాతో అయ్యేది కాదు."

"మరి ఆ మాట సెప్పనేదేటి?" అన్నాడు వెనకనుంచి ఎవరో.

"నాకూ ఎవరూ చెప్పలేదు" అంది. ఆ జవాబు ఎంత చిన్నదో అంటున్నప్పుడే తెలిసింది ఆమెకి.

ఫోన్ మోగింది. విశాఖపట్నం నుంచి మేనేజర్ పృథ్వీరాజ్. చేతులు రెండూ ఆయిల్. ఇంజిన్ పక్కన పీట మీద పెట్టిన ఫోన్‌ని మోచేత్తో దగ్గరికి జరుపుకుని, చిటికెన వేలితో స్పీకర్ నొక్కింది.

"ఎక్కడున్నావ్ నీలవేణీ? మెసేజ్ చూశాను. ఇంజిన్ విప్పారా?"

"విప్పాం సార్. లోపలంతా శుభ్రంగా ఉంది. కానీ..."

"శుభ్రంగా ఉందా? నిజంగా? ఫొటో తియ్యి. మంచి వెలుతురులో తియ్యి. సముద్రంలో తిరిగే ఇంజిన్ లోపల అలా మెరుస్తోందంటే మనకి అంతకంటే ఏం కావాలి!"

"సార్, ఇంజిన్ పట్టేసింది. ఊడిన మడ్డి జల్లెడకి అడ్డం పడింది. మనిషి సముద్రంలో కొట్టుకుపోయాడు సార్. చచ్చిపోయేవాడు."

పృథ్వీరాజ్ గొంతు మారిపోయింది.

"చూడు, మనది కార్లకి, బైకులకి చేసిన ఆయిల్. డబ్బా మీద కార్ బొమ్మే ఉంది. బోటు ఇంజిన్లకి పొయ్యమని కంపెనీ ఎక్కడా చెప్పలేదు."

"మీరే కదా సార్ నన్ను జాలరి పాలేలకి పంపింది? బోట్లున్న ఊళ్లు ఒక్కటీ వదలొద్దని మీరే అన్నారు కదా?"

"నేనన్నానా? నాకు గుర్తులేదు. నువ్వు అక్కణ్నుంచి బయల్దేరు. ఎవరితో ఏమీ మాట్లాడకు. కంపెనీ టోపీ తీసి సంచిలో పెట్టుకో. రేపొద్దున ఆఫీసుకి రా, మాట్లాడుకుందాం."

లైను తెగింది. పాక కింద అందరూ విన్నారు.

దేవి గుంజ వదిలి ముందుకొచ్చింది. నీలవేణి ఎదురుగా, ఇంజిన్‌కి అటువైపు చతికిలబడింది.

"ఆడు నిన్నొదిలేసినాడు" అంది. "నాకు తెలుస్తన్నాది. ఆ కోపం నీ మీద నాకు నేదు. నాకు తెలవాల్సింది ఒకటే. నా పొయ్యి కాడ కూకుని నా సేతి అన్నం తిన్నావు. అప్పా అన్నావు. నా మొగుడి ఇంజిన్‌లో పోసీముందు, ఇది మంచిదా కాదా అని నువ్వు ఒక్కపాలి అయినా ఎవుర్నైనా అడిగినావా?"

నీలవేణి ఆలోచించింది. అబద్ధం చెప్పాలని కాదు. నిజంగా ఎప్పుడైనా అడిగానా అని వెతుక్కుంది.

"లేదు" అంది. "అమ్మే మాటలు రోజూ అనీ అనీ నేనే నమ్మేశాను."

దేవి తల ఊపింది. ఏడవలేదు. "రెండు రాత్రులు ఈ ఇసకలో కూకున్నాను. ఎవులొచ్చి మాటాడినా సెవికెక్కనేదు. ఒక్క మనిషి కూడా నేనట్టే ఉన్నాది ఈ లోకంలో" అంది. "అది నీకు తెలవదులే."

తెలుసు అనాలనిపించింది నీలవేణికి. అనలేదు. అనే హక్కు ఈ వేళ తనకి లేదు.

* * *

లేచి, చేతులు గోనెకి తుడుచుకుని, ఆమె లక్ష్ముడి దగ్గరికి నడిచింది. అతను తల తిప్పలేదు. ఎండకి పెదాలు పగిలిపోయి ఉన్నాయి, భుజాల మీద తోలు ఊడింది.

"బావా" అంది. "ఇంజిన్ నీవల్ల పోలేదు. నేను పోసిన ఆయిల్ వల్ల పోయింది. జల్లెడ చూశాం. నీ తప్పు ఇసుమంత కూడా లేదు."

లక్ష్ముడు గొంతు సవరించుకున్నాడు. పాక కింద దేవి లేచి నిలబడింది.

"నా సెయ్యే అనుకున్నాను" అన్నాడు. మాట తడబడుతూ, బొంగురుగా వచ్చింది. "వల బరువుగా ఉన్నాదని గట్టిగా లాగించీసినాను. నానే సంపీసినాను ఇంజిన్‌ని, అనుకున్నాను. ఒక్కడ్నే ఎల్లొద్దని దేవి సెప్పింది. ఇన్నేదు. దానికి మొకం ఎలగ సూపించాలో తెలవనేదు."

"నీ తప్పు కాదు" అంది మళ్లీ.

"సముద్రం సప్పుడు సేస్తాదనుకుంటారు గదా ఒడ్డునున్నోళ్లు? నోపలికెల్తే సప్పుడు ఉండదు. ఇంజిన్ ఆగిపోయినాక తెలిసింది. ఏటీ ఇనిపించదు. నా పేరు నానే అరుసుకున్నాను, ఓపాలి ఇందామని."

నీలవేణికి తన గది గుర్తొచ్చింది.

దేవి వచ్చి మొగుడి వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. అతను ఆ చేతిని పట్టుకున్నాడు. అంతలోనే ఏదో తట్టినట్టు చటుక్కున లేచాడు.

"కొండబాబు మావ?" అన్నాడు. "మావ ఇంజిన్‌లో కూడా అదే గదా? నాకు పోసిన రోజే ఆడికీ పోసినారు!"

పాకలోంచి ధనరాజు పరిగెత్తుకొచ్చాడు. కొండబాబు తెల్లారకముందే వేటకి దిగాడు, తెప్పలో ముగ్గురు మనుషులు. దూరం పోతానని చెప్పి మరీ వెళ్లాడు. ధనరాజు ఫోన్ చేశాడు. కవరేజ్ లేదు. మళ్లీ చేశాడు. లేదు.

"పక్క పాలెంలో కూడా పోసినారు మేడమ్" అన్నాడు. "పొద్దుగూకే ముందు ఆళ్లు దిగిపోతారు."

నీలవేణి స్కూటర్ తాళం చెవి అతని చేతిలో పెట్టింది. "మీరు అటు వెళ్లి వాళ్లని ఆపండి. ఒక్క తెప్ప కూడా నీళ్లలో పడకూడదు. కొండబాబు గారి దగ్గరికి నేను వెళ్తాను. ఇంజిన్ పట్టకముందు అందుకుంటే చాలు. ఆయిల్ దింపి, జల్లెడ కడిగి, మామూలు ఆయిల్ పోస్తే బతుకుతుంది. మీ దగ్గర మామూలు ఆయిల్ ఉందా?"

"ఒక్క డబ్బా ఉన్నాది."

"అది చాలు. ఎవరి తెప్పలో వెళ్లొచ్చు? తేజోధార పొయ్యని ఇంజిన్ ఏది?"

"హరిబాబు బావది" అన్నాడు ధనరాజు. "ఆడు నన్ను ఇంజిన్ ముట్టుకోనివ్వడు. అన్నీ సొంతంగా సేసుకుంటాడు. నానైతే ఆడిదాన్లో పోయనేదు."

లక్ష్ముడు అప్పటికే లుంగీ ఎగ్గట్టాడు. దేవి అతని ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వెల్లొద్దు. ఎల్తే నాను సచ్చినంత ఒట్టు."

"మావ ఎక్కడ వలేస్తాడో నాకు తెలుసు దేవీ. ఇంకెవులికీ తెలవదు. నన్నెతకడానికి మొదట దిగినోడు మావే."

దేవి అతన్ని చూసింది, సముద్రాన్ని చూసింది. పక్కకి తప్పుకుంది. ఇంట్లోకెళ్లి నీళ్ల డబ్బా నెత్తిన పెట్టుకొచ్చి హరిబాబు తెప్పలో దింపింది. తెప్ప ఎక్కబోతున్న నీలవేణి జబ్బ పట్టుకుంది. ఆ పట్టు గట్టిగా ఉంది.

"నా మనిషిని తీసుకెల్తన్నావు" అంది. "తీసుకురా."

* * *

హరిబాబు అప్పటిదాకా ఇంట్లో నిద్రపోతున్నాడు. "బేగి రా బావా, మావని అందుకోవాల" అన్న లక్ష్ముడి కేకకి లేచి, కళ్లు నులుముకుంటూ వచ్చాడు. యాభై దాటిన మనిషి, మాటల పోగు. ఎందుకు, ఏమిటి అని ఎవరూ చెప్పలేదు, చెప్పేంత తీరికా లేదు. తెప్పని నలుగురూ భుజం పెట్టి నెట్టారు. మొదటి కెరటం నీలవేణిని నిలువునా తడిపేసింది. రెండోదానికి తెప్ప ముక్కు ఆకాశంలోకి లేచి, దబ్బున పడింది. ఆమె ఒళ్లో ఆయిల్ డబ్బాని, పానాల మూటని కరుచుకుని కళ్లు మూసుకుంది. మూడోది దాటాక అంతా ఒక్కసారిగా నెమ్మదించింది.

కళ్లు తెరిచేసరికి ఒడ్డు సన్నటి గీతలా ఉంది. మనుషులు కనిపించడం లేదు. లక్ష్ముడు ముందు నిలబడి, అరచెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. "అదిగో, ఆ రంగు మారినకాడికి పట్టు బావా. అక్కణ్నుంచి ఉత్తరానికి" అన్నాడు.

ఇంజిన్ ఒకే తీరుగా మోగుతోంది. ఇంకాస్త దూరం పోయాక ఒడ్డు కూడా మాయమైంది. నాలుగు వైపులా నీళ్లే. వెనక హరిబాబు తనలో తాను నవ్వుకున్నాడు.

"ఎంత మెత్తగా పోతన్నాదో సూసినావురా లక్ష్ముడూ? మునుపు దగ్గుతూ ఉండీది. ఇప్పుడు పొగ కూడా నేదు."

లక్ష్ముడు వెనక్కి తిరిగాడు. "ఏటి సేయించినావు బావా?"

"సేయించడం ఏటి, నానే సేసుకున్నాను. నువ్వు సముద్రంలో తప్పిపోయినప్పుడు మీ పాకలో సగం ఆయిల్ డబ్బా పడి ఉన్నాది. మేడమ్ గారి డబ్బాయే. నీకింక ఎందుకులే అనుకుని..." నాలుక కరుచుకున్నాడు. "తప్పుగా అనుకోకురా. నా దాన్లో పోసీసినాను. నిన్ను ఎతకడానికి రెండ్రోజులూ ఈ ఇంజిన్నే తిప్పినాను. పేణం లేసొచ్చినట్టు పరిగెట్టింది."

నీలవేణి చేతిలో డబ్బా కిందకి జారింది. పడకుండా మోకాళ్ల మధ్య ఆపుకుంది. కొండబాబు కోసం తెచ్చిన డబ్బా. ఉన్నది అదొక్కటే.

ఆమె ఇంజిన్ వైపు చెవి పెట్టింది. ఇందాకటి మోత కాదు. ఎక్కడో లోపల, ఇనుము ఇనుముని తాకుతున్నట్టు సన్నగా, ఆగి ఆగి ఒక టిక్కు.

లక్ష్ముడు కూడా విన్నాడు. రెండు అంగల్లో వచ్చి ఇంజిన్ ఆపే మీట మీద చెయ్యి పెట్టాడు. నొక్కలేదు. కుడివైపు దూరంగా, నీటి అంచున చీమంత నల్లటి చుక్క ఒకటి కదలకుండా ఉంది. తెప్పో కాదో ఇక్కణ్నుంచి తెలియడం లేదు.

"ఆపితే ఆ డబ్బా మనకే అయిపోద్ది" అన్నాడు ఆమె కళ్లలోకి చూస్తూ. "ఆపకపోతే ఆడిదాకా ఎల్తామో నేదో. సెప్పు నీలా, ఆపమంటావా? పొమ్మంటావా?"